పెద్దమనుషుల ప్రోనోటు

గార్లదిన్నె వైపు అప్పు పుట్టించడం కన్నా దానికి చెల్లు రాయించుకోవడం పెద్ద పని. ప్రోనోటుకు మూడేళ్లే ఆయుష్షు. ఆలోగా బాకీదారు వందో రెండొందలో కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. పెట్టకపోతే కాలదోషం పట్టి ఆ నోటు చిత్తుకాగితమే. అందుకే మూడో ఏడు ఆఖర్లో అప్పిచ్చినాయన చెనిక్కాయ చేను గట్టు మీదికే వచ్చి కూర్చుంటాడు. బ్యాంకులో బంగారం కుదువ పెట్టిన రైతుకు ఆ పాటి మర్యాద కూడా ఉండదు. గడువు దాటితే నోటీసు, ఆ తర్వాత పేపర్లో వేలం ప్రకటన. వానల్లేవని మొరపెట్టుకుంటే మేనేజరు పాపం అన్నట్టు తలాడించి, "సంతకం మీదే కదా" అంటాడు. సంతకం బరువు ఇంత బాగా తెలిసిన మండలం ఇంకోటి ఉంటుందనుకోను.

అలాంటి మండలంలోదే ఇల్లూరు. నీలం సంజీవరెడ్డి గారు పుట్టిన ఊరు. ఢిల్లీలో 1956లో పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసిన ఎనిమిది మందిలో ఆయనొకరు. ఆంధ్ర, తెలంగాణ కలవడానికి రాసుకున్న షరతుల్లో అన్నిటికన్నా తేలికైనదొకటుంది: ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు. డ్యాములు కట్టనక్కర్లేదు, నిధులు వెతకనక్కర్లేదు, ఒక కుర్చీ వేస్తే చాలు. ఆ ఏడు నవంబరు 1న సంజీవరెడ్డి గారే ముఖ్యమంత్రి అయ్యారు. రెండో కుర్చీ పడలేదు. అడిగితే, ఆ పదవి చేతికి ఆరో వేలు లాంటిదన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకు ముందు ప్రకాశం గారి మంత్రివర్గంలోనూ, బెజవాడ గోపాలరెడ్డి గారి మంత్రివర్గంలోనూ ఉపముఖ్యమంత్రిగా ఉన్నది ఈయనే. ఆరో వేలు ఎందుకూ కొరగాదని అనుభవం మీద తెలిసి ఉంటుంది. అనుభవజ్ఞుల మాట మనం కాదనలేం. ఆయన దిగి, దామోదరం సంజీవయ్య గారు వచ్చాక గానీ ఆ వేలు మొలవలేదు.

ఆయన్ను ఒక్క కన్నుతోనే చూస్తే అన్యాయం. ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాక కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయకరణ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాజకీయ కక్షతోనే తమ రూట్లు లాక్కున్నారని ప్రైవేటు యజమానులు ఆరోపించారు. ముఖ్యమంత్రి అఫిడవిట్ వేసి ఖండించలేదు. ఆ సంగతి కోర్టు ఎత్తిచూపింది. అంతే, 1964 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేసి ఇంటికెళ్లారు. దిగిపొమ్మని కోర్టు అనలేదు. కోర్టు అడగని కుర్చీని వదిలిపెట్టిన మనిషి, తాను రాసిచ్చిన కుర్చీని మాత్రం వేయలేకపోయారు. తేడా ఒక్కటే కనిపిస్తుంది: కోర్టుకు బంట్రోతు ఉంటాడు, పెద్దమనుషులకు పెద్దమనిషితనం తప్ప ఏమీ ఉండదు.

ఇలాంటి చోట మన నాయకులు వాడే మంత్రం ఒకటుంది: "ఆ ఒప్పందానికి చట్టబద్ధత లేదు." శ్రీబాగ్ ఒప్పందం సంగతి ఎత్తితే చాలు, ఇదే పలుకు. అది 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కుదిరింది. ఆంధ్ర రాష్ట్రం కావాలంటే సీమ తోడు కావాలి. సీమకు నమ్మకం కావాలి. కాబట్టి రాసుకున్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో పదేళ్లు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, ముందు రాయలసీమ, నెల్లూరు అవసరాలు తీరాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి అనంతపురంలో. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో సీమ వాళ్లే కోరుకోవాలి.

కోరుకున్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లు. ఆ మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వెళ్లిన ప్రభుత్వానికి పెద్ద మన ఇల్లూరి బిడ్డే. రాష్ట్రం 2014లో మళ్లీ చీలాక ఏది కావాలని సీమను అడిగినవాళ్లు లేరు. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామని చట్టం వచ్చింది, 2021లో ఆ చట్టమే వెనక్కి పోయింది. 2024 నవంబరులో కర్నూలుకు హైకోర్టు బెంచి కావాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. మొత్తం అడిగిన చోట బెంచీ! కూర్చోవడానికి అదీ చాలదా అంటారు.

నీళ్ల మాటకొస్తే, గార్లదిన్నె మండలంలోనే పెనకచెర్ల డ్యాము ఉంది, మిడ్ పెన్నార్. పెన్న పేరున్న ఆ జలాశయం పెన్నను నమ్ముకుంటే ఎండిపోవాల్సిందే, అందుకే తుంగభద్ర ఎగువ కాలువ వైపు చూస్తుంది. ఆ కాలువకు ఆంధ్రప్రదేశ్ వాటా ట్రిబ్యునల్ తీర్పు కాగితం మీద 32.5 టీఎంసీలు. తుంగభద్ర డ్యాము కట్టినప్పుడు 133 టీఎంసీల దాకా పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 105 దగ్గరికొచ్చింది. వాటాను దామాషాలో కోస్తారు. రైతు బాకీని దామాషాలో కోసిన బ్యాంకును మాత్రం ఈ దిక్కున ఎవరూ చూడలేదు. పూడిక ట్రిబ్యునల్ తీర్పును తినేస్తుంది గానీ వడ్డీని ముట్టుకోదు.

అంటే ఒప్పందాలను గౌరవించడం మనకు రాక కాదు. ఎవరి సంతకం మీద గౌరవించాలో బాగా తెలుసు. మన రైతు కూలికి బెంగళూరు పోతే బ్యాంకు ఫోను వెంటే పోతుంది. బ్యాంకులకు బాకీ పడ్డ విజయ్ మాల్యా 2016 మార్చిలో లండన్ పోయారు. బ్రిటన్‌తో మనకు నేరస్థుల అప్పగింత ఒప్పందం 1990ల నుంచీ ఉంది. అక్కడి కోర్టు 2018లో అప్పగించమంది, 2020లో అప్పీలూ కొట్టేసింది. అయినా ఆయన విమానం ఎక్కలేదు. రెండు దేశాలు రాసుకున్న కాగితం కన్నా బెంగళూరు దాకా వచ్చే ఫోనుకే చెయ్యి పొడుగు.

అమరావతి రైతులు కొంచెం తెలివైనవాళ్లు. భూములిచ్చేటప్పుడు ప్రభుత్వంతో రాతపూర్వకంగా ఒప్పందాలు చేసుకున్నారు. మూడు రాజధానులంటూ ప్రభుత్వం మాట మారిస్తే హైకోర్టుకు వెళ్లారు, 2022 మార్చి 3న గెలిచారు. శ్రీబాగ్ ఇంట్లో కూర్చున్న మన కల్లూరి సుబ్బారావు గారికీ, పప్పూరి రామాచార్యులు గారికీ ఈ తెలివి లేదు. ఎదుటివాళ్లు కొండా వెంకటప్పయ్య పంతులు లాంటి పెద్దలు కదా, స్టాంపులెందుకనుకున్నారు.

అయినా శ్రీబాగ్‌కు కాలదోషం పట్టకుండా చూసుకుంటున్న నాయకులను మెచ్చుకోవాలి. ఏటా నవంబరు 16కు ఎక్కడో ఒక చోట సభ, ఒక దండ, "సీమకు న్యాయం చేస్తాం" అని ఒక ముక్క. అసలు అలాగే ఉంటుంది, వడ్డీ అలాగే ఉంటుంది, చెల్లు మాత్రం పడుతుంది. ఏ బాకీదారూ ఇంత చవగ్గా నోటును బతికించి ఉండడు.

ఇక తేదీల సంగతి ఒకటి మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో చెప్పింది 2014 ఫిబ్రవరి 20న. పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు పడిందీ ఫిబ్రవరి 20నే. జ్యోతిష్యం మీద నాకు గురి లేదు గానీ, ఇకపై ఢిల్లీ నుంచి ఎవరైనా మాటిస్తామని ఆ తేదీన బయల్దేరితే ఒక్క రోజు ఆగమనండి. 21న పెట్టుకుందాం. స్టాంపు పేపరు మేమే కొనుక్కొస్తాం.