పానా వదలండి, చాక్‌పీసు పట్టండి

ఇన్నేళ్లూ బండ్ల కింద పడుకున్నారు. ఇక కుర్చీలో పడుకునే యోగం చూసుకోండి. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడుకి మాస్టారైపోవడమే మార్గం.

1. సీఐటీఎస్ అని ఇన్‌స్ట్రక్టర్లకు ఏడాది కోర్సుంది. చేరండి, వెనక బెంచీలో కూర్చోండి. పాఠం చెప్పడం వచ్చేసిందంటే రేపు చెప్పాల్సి వస్తుంది.

2. ఉద్యోగంలో చేరిన రోజే టూల్ బాక్సుకి తాళం వేయండి. టార్క్ రెంచికి కవరు కూడా తీయొద్దు, తనిఖీకి వచ్చినవాళ్లు చూసి మెచ్చుకుంటారు. హెడ్ బోల్టులు ఎంత బిగించాలని ఎవడైనా అడిగితే "చేతికే తెలుస్తుందిరా" అనండి. ఎవరి చేతికో చెప్పకండి. మధ్య బోల్టుతో మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలన్నది మీరు మేస్త్రి చేత తిట్లు తిని సంపాదించిన ఆస్తి. ఊరికే పంచుతారా? వాళ్లు అడ్డదిడ్డంగా బిగిస్తే గాస్కెట్ పోతుంది, ఆ బండి మీ బామ్మర్ది షెడ్డుకే వస్తుంది.

3. నోట్సు చెప్పండి. సక్షన్, కంప్రెషన్, పవర్, ఎగ్జాస్ట్. నెమ్మదిగా చెబితే వారం గడుస్తుంది. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అనగానే "1-2-3-4 ఎందుకు కాదు సార్?" అని ఒకడు లేస్తాడు. ప్రతి బ్యాచ్‌కీ ఇలాంటి శని ఒకడు తప్పడు. వాణ్ణి టీకి పంపండి, దూరం కొట్టుకి.

4. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది, కొత్త బైకుల్లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. లోపమేంటో తెలియాలంటే స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. మీకెందుకా గొడవ? "ముందు బేసిక్స్ రావాలి" అని రెండేళ్లూ కార్బురేటర్ జెట్లే ఊదించండి. ఎలక్ట్రిక్ బండ్లా? "అవి నిలబడవు" అని తేల్చేయండి. బయట పిల్లల ఎలక్ట్రిక్ స్కూటర్లు కనబడుతుంటే కిటికీ మూయించండి.

5. మీ పాత గిరాకీల బండ్లను ప్రాక్టికల్స్ పేరుతో రప్పించండి. గ్రీజు పిల్లలు తుడుస్తారు, బిల్లు మీరు రాయండి. చప్పుడు విని అది ట్యాపెట్ మోతా, బేరింగ్ మోతా అని మీరు చెప్పగలరు కదా, ఆ సమయానికి మాత్రం అందర్నీ బయటికి పంపేయండి. విద్య చెవిన పడితే ప్రమాదం.

6. పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరుండాలి. రానివాడికీ వేసేయండి. వాడు రాకపోతే 14-15 పానా అరగదు, డీజిల్ మిగులుతుంది. మిగిలిన డీజిల్ సంగతి మీకు నేను చెప్పాలా?

7. ఫలితాల రోజు స్వీట్లు పంచండి. మీ సొంత బండికి బ్రేకులు పడకపోతే మాత్రం పాసైనవాళ్లెవరికీ ఇవ్వకండి. మొదటి ఏడాదే మానేసి ఏదో షెడ్డులో పని నేర్చుకుంటున్నవాడు ఒకడుంటాడు, వాణ్ణి వెతికి పట్టుకోండి.