జీర్ణోద్ధారకుడు

లండన్‌లో ఈ రకం మనిషిని పోల్చుకోవాలంటే చేతికి మెనూ ఇచ్చి చూడాలి. అందరూ కొత్తగా ఏం వచ్చిందా అని చూస్తారు. ఈయన ఎప్పుడో పోయినవాటిలో ఏది తిరిగొచ్చిందా అని వెతుకుతాడు. ప్రాన్ కాక్‌టెయిల్ కంటబడితే చాలు, దేశాంతరం పోయిన మేనమామ వీధిలో ఎదురైనంత సంబరం.

వయసు ముప్ఫై అయిదుంటే ఎక్కువ. బెంగంతా 1970ల మీద. తాను పుట్టకముందే పోయినదాని కోసం ఇంతలా కుమిలిపోవడం అందరికీ చేతనయ్యే పని కాదు.

కాక్‌టెయిల్ వస్తుంది. గాజు గిన్నెలో సన్నగా తరిగిన లెట్యూస్, దాని మీద చిన్న రొయ్యలు, గులాబీరంగు సాస్, పైన చిటికెడు పాప్రికా. మనం చెంచా ఎత్తబోతే ఆయన చెయ్యి అడ్డం పెడతాడు. ముందు స్థలపురాణం వినాలి. ఆ సాస్ పేరు మేరీ రోజ్ అనీ, మయొనేజ్‌లో కెచప్, నాలుగు చుక్కల వూస్టర్ సాస్, కాస్త నిమ్మరసం పడాలనీ చెవిలో మంత్రం ఊదినట్టు చెబుతాడు. ఆ మంత్రం ఇంగ్లండులో ప్రతి వంటింటికీ తెలుసు.

తర్వాత చరిత్ర. 1954లో రేషన్ ఎత్తేశారు. మరుసటేడే ఇటలీ మూలాలున్న ఫ్రాంక్, ఆల్డో బెర్నీ అన్నదమ్ములు బ్రిస్టల్‌లో మొదటి బెర్నీ ఇన్ తెరిచారు. జేబు చూసుకుని తినే సంసారులు కూడా దర్జాగా కూర్చుని ప్రాన్ కాక్‌టెయిల్, స్టేక్, చిప్స్, చివర బ్లాక్ ఫారెస్ట్ గాటో లాగించారు. ఆ తర్వాత పెద్ద పళ్లెంలో చిన్న ముక్క పెట్టే ఫ్యాషన్ వచ్చి, వీటిని చూసి లోకం నవ్వింది. 1995లో బెర్నీ ఇన్‌లు విట్‌బ్రెడ్ కంపెనీ చేతికి పోయాయి. ఇక్కడ ఆయన గొంతు జీరబోతుంది. ప్రమాణగ్రంథం సంచిలోనే ఉంటుంది: సైమన్ హాప్‌కిన్సన్, లిండ్సీ బేర్‌హామ్ 1997లో తెచ్చిన ‘ది ప్రాన్ కాక్‌టెయిల్ ఇయర్స్’. శ్రద్ధగా వండితే ఈ వంటలకు వంక పెట్టలేమని అందులోని వాదం. న్యాయమైన వాదమే. నాకూ ప్రాన్ కాక్‌టెయిల్ ఇష్టమే, కాకపోతే ఉపన్యాసంలో వేడెక్కకముందు.

స్టేక్ డయాన్ చెప్పి, బ్రాందీ పోసి బల్ల దగ్గరే మంట లేపమంటాడు. కుర్ర వెయిటరు సీలింగు మీది పొగ అలారం వంక చూస్తాడు.

ఒక పుట్టినరోజుకి వాళ్లమ్మనూ తీసుకొచ్చాడు. ఆవిడ బెర్నీ ఇన్‌లో నిజంగా తిన్న మనిషి. మెనూ చూసి మూసేసింది.

“ఇవా? అప్పట్లో ఇంకేం దొరికేది కాదు నాయనా, అందుకని తిన్నాం. దగ్గర్లో రామెన్ పెట్టేవాళ్లు లేరూ?”

“అమ్మా, అవి మీ రోజుల రుచులు!”

“రుచి ఎవరికి గుర్తు? పెద్ద గ్లాసు నిండా షెర్రీ పోసేవాళ్లు, అది గుర్తుంది.”

ఆయన మొహం వెలిగిపోయింది. నోటుబుక్కు తీశాడు.

“ఆ గ్లాసు ఎంత ఎత్తుండేదమ్మా?”