వీధి తలుపు తాళం కప్ప ఆత్మకథ

నేను పిఠాపురంలో ఓ పెంకుటింటి వీధి తలుపుకి వేలాడే ఇత్తడి తాళం కప్పను. నా పుట్టిల్లు అలీగఢ్. కడుపులో ఏడు లీవర్లు. మాస్టారు నన్ను కొని తెచ్చిన రోజున మామ్మగారు పసుపు, కుంకుమ పెట్టి మరీ గడియకి తగిలించారు.

చాలాకాలం నాకు పెద్దగా పనుండేది కాదు. ఇంటినిండా మనుషులుంటే తాళంతో ఏం పని? కాశీకో తిరుపతికో వెళ్ళినప్పుడు మాత్రం నన్ను బిగించి, తాళం చెవి ఎదురింట్లో ఇచ్చేవారు. "మొక్కలకి నీళ్ళు పొయ్యండమ్మా, రాలిన కొబ్బరికాయలు మీరే వాడుకోండి." అంతే ఒప్పందం.

ఈమధ్య మాస్టారబ్బాయి కొత్త మాట తెచ్చాడు. అతనూ టీచరే. ఐరోపా చూడాలని ఉంది, హోటళ్ళకి పోసే డబ్బు లేదు. అందుకని ఎవరితోనైనా ఇళ్ళు మార్చుకుందామన్నాడు. మనింట్లో వాళ్ళు, వాళ్ళింట్లో మనం. అద్దె మాటే లేదు.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇల్లప్పగిస్తావుట్రా?" అన్నారు మాస్టారు.

"ఇది మొదలెట్టింది మన బాపతు వాళ్ళేనండి నాన్నారూ. 1953లో ఐరోపాలోని స్కూలు టీచర్లే ఇంటర్‌వాక్ అని సంఘం పెట్టుకున్నారు. సెలవులెక్కువ, జీతం తక్కువ కదండీ!"

మాస్టారు మెత్తబడ్డారు. మరి ఏ ఊరు? మనవరాలు పారిస్ అంది, కోడలు రోమ్ అంది. పారిస్ పాత మేడల్లో చాలావాటికి లిఫ్టు ఉండదని తెలిసి మామ్మగారు మోకాళ్ళు నిమురుకున్నారు. ఊళ్ళ పేర్లతోనే వారం గడిచింది గానీ ఏదీ తేలలేదు. అసలు చిక్కు సెలవుల దగ్గరుంది. మన పిల్లలకి ఏప్రిల్ చివరినుంచి జూన్ రెండోవారం దాకా ఖాళీ. అక్కడి పిల్లలకి పెద్ద సెలవులు జూలై, ఆగస్టుల్లో. ఒకేసారి మారడం కుదరదు. అయినా, మే ఎండలో మన ఊరికి ఎవరొస్తారు? అందుకని వాళ్ళు క్రిస్మస్ సెలవుల్లో రావడం, మనం మే నెలలో వెళ్ళడం అనే పద్ధతిలో వెతికారు.

అప్పుడే కోడలు అసలు ప్రశ్న అడిగింది: "మనం ఎక్కడికెళ్ళాలో కాదండీ, మన ఊరికి ఎవరు రావాలనుకుంటారో చూడండి." పాదగయ, కుక్కుటేశ్వరస్వామి, పురుహూతికా దేవి, దగ్గర్లో కోరింగ మడ అడవులు, ఉప్పాడ మగ్గాలు... అన్నీ రాసి పెట్టారు. బెల్జియంలోని గెంట్ నుంచి ఓ టీచర్ల జంట పలికింది. గెంట్ మధ్యయుగాల్లో ఉన్ని బట్టలకి పేరుపడ్డ నేత పట్నం. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ ఎలా నేస్తారో కళ్ళారా చూడాలని వాళ్ళకి ఆశ.

గెంట్ మనవాళ్ళకీ నప్పింది. నేల చదును, ఇల్లు కిందనే. రైల్లో అరగంటలో ఇటు బ్రసెల్స్, అటు బ్రూజ్. మే నెలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు. ఆ ఊళ్ళో 2009 నుంచీ గురువారాన్ని శాకాహార దినంగా ప్రచారం చేస్తున్నారని తెలిశాక మామ్మగారు "సంబంధం కుదిరిందిరా" అన్నారు.

ఇక కాగితాలు. ఎక్కువ రోజులు ఉండేది బెల్జియంలో కాబట్టి షెంజెన్ వీసాకి ఆ దేశానికే దరఖాస్తు. పెద్దవాళ్ళకి తలకి 90 యూరోల రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య బీమా. వచ్చేవాళ్ళ విషయంలోనూ మన బాధ్యతుంది. విదేశీయులకి బస ఇచ్చిన ఇంటివారు 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. పెరటివైపు గీజరు పెట్టించారు, దోమతెరలు కొన్నారు. దేవుడి గదికి ఓ బుల్లి తాళం వచ్చింది. దాన్ని చూసి నాకు కాస్త అసూయ కలిగిన మాట నిజం.

ఎదురింటివారికి తాళం చెవి ఇచ్చినప్పుడూ ఈ ఇల్లు నమ్మకం మీదే నిలిచింది. ఇప్పుడా ఎదురిల్లు కాస్త దూరమైంది, అంతే. మీరూ ఇల్లు మార్చుకోవాలనుకుంటే పటం ముందేసుకుని కూర్చోకండి. ముందు సెలవులు చూసుకోండి, తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళ మోకాళ్ళు చూసుకోండి, ఆపైన మీ ఊరి గొప్ప నాలుగు ముక్కల్లో రాసుకోండి. వెళ్ళాల్సిన ఊరు దానంతటదే తేలుతుంది.