పెద్దపాడు పిల్లవాడి పుట

నేను కర్నూలు మునిసిపల్ హైస్కూలు అడ్మిషన్ రిజిస్టరును. హాజరుపట్టీలు ఏటేటా మారిపోతాయి, నన్ను మాత్రం ఎవరూ పారేయరు. వయసు రుజువు కావాలనో, టి.సి. పోయిందనో ఎవరైనా వస్తే బీరువాలోంచి దింపుతారు. నా అట్ట వీపు ఊడింది. ఒంటినిండా కలరా ఉండల వాసన. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి ఊరి మీద పడ్డప్పుడు నా పుటలు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎండలో పెట్టి, పోస్టుకార్డు అంచుతో ఒక్కొక్కటే విడదీశారు. 1935 నాటి పుట దక్కింది.

బడికి వచ్చే పెద్దలు, కొత్తగా చేరిన పంతుళ్ళు చూపించమని అడిగేది ఆ పుటనే. అందులో దామోదరం సంజీవయ్య పేరుంది.

తండ్రి పేరు మునెయ్య. చూసేవాళ్ళ వేలు అక్కడ కాసేపు ఆగుతుంది. బిడ్డ పుట్టిన మూడోనాటికే ఆయన పోయాడు. సెంటు భూమి లేని దళిత కుటుంబం, నేత పనీ కూలీ చేసుకుని బతికేవాళ్ళు. తల్లి సుంకులమ్మ పిల్లల్ని తీసుకుని పాలకుర్తిలో అన్నదమ్ముల పంచన చేరింది. అక్కడ ఈ పిల్లవాడు పశువులు కాశాడు. తిరిగి సొంతూరు పెద్దపాడు చేరాక, అన్న చిన్నయ్య కూలికి పోయి తమ్ముణ్ణి బడికి పంపాడు. నాలుగు దాకా ఊళ్ళో, ఆ పైన కర్నూలు బాప్టిస్టు మిషన్ బడిలో చదివించాడు. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చాడు. చిన్నయ్య పేరు రాయడానికి నాలో గడి లేదు. ఉండవలసింది.

1938లో ఎస్సెస్సెల్సీలో జిల్లాకే మొదటివాడుగా వచ్చి, అనంతపురం కాలేజీలో గణితం చదవడానికి వెళ్ళాడు. బడి విడిచిన తేదీతో నా రాత ఆగిపోతుంది. ఆ పైదంతా నేను పంతుళ్ళ నోట విన్నదే. మద్రాసులో లా చదివాడట. 1960లో, నలభై నిండకుండానే, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలో ఆ పదవి ఎక్కిన మొదటి దళితుడు ఆయనే. ముసలివాళ్ళకు పింఛను ఇప్పించిన మనిషని ఇప్పటికీ చెప్పుకుంటారు. హంద్రి మీది గాజులదిన్నె జలాశయానికి ఆయన పేరే పెట్టారు. నీళ్ళ కోసం మొహం వాచిన నేలకు అంతకంటే గొప్ప స్మారకం ఏముంటుంది!

1972 మేలో, యాభై ఒక్క ఏళ్ళకే ఆయన పోయారు. బడికి వేసవి సెలవులు. తలుపులు తెరిచాక పంతుళ్ళు నన్ను బల్ల మీద పెట్టుకుని ఆ వరుస చదువుకున్నారు. మన బడి పిల్లవాడు అన్నారు. మాజీ ముఖ్యమంత్రి అనలేదు. ఆ మాట నాకెంతో నచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. కోసిగి, కౌతాళం వైపు బళ్ళలో నా తోటి రిజిస్టర్లున్నాయి. వానలు ఎగ్గొట్టిన ఏడు అక్కడి ఇళ్ళకు తాళాలు పడతాయి. పెద్దవాళ్ళు సుగ్గికని, అంటే కోత కూలి వలసకని, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు, పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. ఫిబ్రవరిలో కోతలు ముమ్మరంగా ఉంటాయి. సంజీవయ్య పుట్టినరోజు ఫిబ్రవరి 14. ఆయన ఫొటోకు దండ వేసేనాటికి, ఆయనలాంటి పిల్లలు మిరప చేలల్లో ఉంటారు. అన్న కూలి చేసి తమ్ముణ్ణి బడిలో నిలిపిన జిల్లాలో తమ్ముడే కూలికి పోతున్నాడు. ఇది నాకు మింగుడు పడదు.

పంతుళ్ళకూ ఊరి పెద్దలకూ నాదొక మనవి. దండ వేయండి. ఆ పూటే మీ హాజరుపట్టీ తీసి, రాని పిల్లల పేర్లు అందరి ముందూ చదవండి. ఊళ్ళో మిగిలిన అవ్వాతాతల్ని అడిగి వాళ్ళు ఎక్కడున్నారో కనుక్కోండి. సుగ్గికి పోయేవాళ్ళ పిల్లల కోసం సీజనల్ హాస్టలు మీ ఊళ్ళో తెరవకపోతే, ఆ రోజే మండల విద్యాధికారి (ఎం.ఇ.ఓ.) గారికి అర్జీ రాసి, అందరూ సంతకాలు పెట్టండి.