జంట క్లచ్చుల బావగారు

మా పెద్దక్క మొగుడికి కారుంది. ఆ సంగతి ఆయనకే సరిగ్గా గుర్తుండదు. ఎప్పుడో 2011లో కొన్న చిన్న కారు. అయిదు గేర్లు, అవీ చేత్తో వేసుకునేవి. ఎడమకాలి కింద ఒకే ఒక్క క్లచ్చు. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ ఆయన్ని మోసుకెళ్ళి తీసుకొచ్చేది అదే. బావగారి ఒళ్ళు అందులో ఉంటుంది గానీ, మనసు మాత్రం జర్మనీలో ఏడో గేరులో ఉంటుంది.

ఇలాంటి బావగారు మీ ఇంట్లోనూ ఒకరుంటారు. ఇంట్లో లేకపోతే ఆఫీసులో ఉంటారు. గుర్తుపట్టడం తేలిక. కొత్త కారు కొన్నామని స్వీట్ల డబ్బా పట్టుకెళ్తే, డబ్బా అందుకోకముందే "డీసీటీయా, టార్క్ కన్వర్టరా?" అంటారు. రంగు అడగరు. ధర అడగరు. మైలేజీ కూడా అడగరు. తెలుగువాడై పుట్టి మైలేజీ అడగలేదంటే ఏదో తేడా ఉందని మనం అక్కడే గ్రహించి, డబ్బా టీపాయ్ మీద పెట్టేసి వచ్చేయాలి. తెలియక "ఆటోమేటిక్ అండీ" అన్నామా, ఇక రాత్రి భోజనం అక్కడే.

తెనాలిలో మా పిన్ని కొడుకు పెళ్ళిలో ఇదే జరిగింది. పెళ్ళికొడుకు మంచి జోరున్న సెడాన్ కొనాలనుకుంటున్నాడని ఎవరో నోరుజారారు. బావగారు విడిదింట్లోకి దూరి, తలంటు పోసుకుని తువ్వాలుతో కూర్చున్నవాణ్ణి పట్టుకున్నారు.

"ఇటు చూడరా అబ్బాయ్. బంతి భోజనాలు చూశావుగా? ఈ హాల్లో మొదటి బంతి తింటుండగానే పక్క హాల్లో రెండో బంతికి విస్తళ్ళు వేసి, నీళ్ళు చల్లి, పప్పుతో సహా వడ్డించేశారనుకో. వీళ్ళు లేవడం, వాళ్ళు కూర్చోవడం ఒకేసారి జరిగిపోతాయి. మధ్యలో ఆకలితో నిలబడేవాడే ఉండడు. అదీ డ్యూయల్ క్లచ్, అదే డీసీటీ అంటే. ఒకటి, మూడు, అయిదు, ఏడు గేర్లు ఒక క్లచ్చు కింద. రెండు, నాలుగు, ఆరు ఇంకో క్లచ్చు కింద. నువ్వు మూడులో ఉండగానే నాలుగు విస్తరి ముందు కూర్చుని ఉంటుంది."

"మరి రెండోదో?" అన్నాడు వాడు. అడక్కుండా ఉండాల్సింది.

"టార్క్ కన్వర్టరా? అది పెళ్ళిళ్ళ పేరయ్య. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి మధ్యలో నూనె పోస్తారు. ఇటు ఇంజను తిప్పితే, ఆ నూనె విసురుకి అటు గేర్‌బాక్సు తిరుగుతుంది. ఒకరినొకరు తాకరు, కబుర్లన్నీ పేరయ్య ద్వారానే. అందుకే కారు మెత్తగా కదుల్తుంది, కొంత శక్తి పేరయ్య కమీషన్ కింద పోతుంది. కొంచెం వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ పడి ఇద్దరికీ ముడి పెట్టేస్తుంది. పేరయ్య పక్కకి తప్పుకుంటాడు."

1905లో ఫ్యోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్ని ఓడల కోసం కనిపెట్టాడని, జంట క్లచ్చుల ఊహ 1939 నాటికే కెగ్రెస్ అనే ఫ్రెంచి ఇంజనీరుకి వచ్చినా, 2003లో గోల్ఫ్ ఆర్32 వచ్చేదాకా మామూలు జనానికి అమ్మే కారుకి ఎక్కలేదని చెప్పేసరికి పురోహితులవారే లోపలికొచ్చి, "అయ్యా, ముహూర్తం మూడో గేరులో ఉంది" అన్నారు.

ఆదివారాలు బావగారు షోరూములకి వెళ్తారు. గుడికి వెళ్ళినంత నియమంగా, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ. టెస్ట్ డ్రైవ్ చేస్తారు, కాఫీ తాగుతారు, వచ్చి ఎక్సెల్‌లో ఎక్కించుకుంటారు. కొనరు. ఆక్టావియా ఆర్ఎస్ 245 మన దేశానికి 2020లో 200 మాత్రమే వచ్చాయి. ఈయన పట్టిక పూర్తయ్యేసరికి ఒక్కటీ మిగల్లేదు. 2022లో వర్టస్ వచ్చింది. అందులో చిన్న ఇంజనుకి ఆరు గేర్ల టార్క్ కన్వర్టరు, పెద్ద 1.5 ఇంజనుకి ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే జంట క్లచ్చులది. "చూశావా? చేసినవాడే తేల్చుకోలేక రెండూ పెట్టాడు. నన్ను తేల్చుకోమంటే ఎలాగోయ్?" అన్నారు, ఎంతో తృప్తిగా.

అసలు దెబ్బ 2017లో తగిలింది. బావగారు మొదట్నుంచీ జంట క్లచ్చుల భక్తులు. బీఎండబ్ల్యూ ఎం5కి ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఉందన్న ధైర్యంతోనే ఆయన బతికేవారు. ఆ ఏడు వచ్చిన కొత్త ఎం5లో ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టరు పెట్టారు. కన్వర్టర్లు కూడా గేరు మార్చడంలో అంతే చురుగ్గా తయారయ్యాయి, మెల్లగా వెళ్ళేటప్పుడు కుదుపూ ఉండదు, ఇక రెండెందుకని వాళ్ళ లెక్క. బావగారికి ఆ లెక్కతో పనిలేదు. "మతం మార్చుకున్నార్రా" అని వారం రోజులు పెరుగన్నంతో సరిపెట్టారు. మూడేళ్ళకి ఎం3 కూడా అదే దారి పట్టింది. 2021లో మన చెన్నైలోనే బిగించిన ఎం340ఐ వచ్చింది, అదే తరహా ఎనిమిది గేర్ల పెట్టెతో. నూరు కిలోమీటర్ల వేగాన్ని 4.4 సెకన్లలో అందుకుంటుంది. ఒక ఆదివారం దాన్ని నడిపి వచ్చారు. దిగి, నీళ్ళు తాగి, "నేను మొదట్నుంచీ చెప్తున్నదదే కదోయ్, టార్క్ కన్వర్టరే మేలని" అన్నారు. ఆయన ఎక్సెల్ నాకు మెయిల్ చేసి ఉంది గాబట్టి సరిపోయింది.

ఒక్క విషయంలో ఆయన మాట మీరూ వినాలి. నూనెలో మునగని పొడి క్లచ్చుల డీసీటీని ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ మీద కాలు ఆన్చి నిలపకూడదు. క్లచ్ రాసుకుని వేడెక్కుతుంది. బ్రేకు తొక్కి పట్టుకోవాలి. మా చిన్నబావ ఇది వినలేదు. శివరాత్రికి శ్రీశైలం ఘాట్ మీద ఆయన కొత్త కారు (పేరెందుకు లెండి) గేర్‌బాక్సు వేడెక్కిందని ఎర్రదీపం వెలిగించి ఆగిపోయింది. పెద్దబావగారి ముఖంలో అంత వెలుగు ఆయన కూతురికి ఐఐటీలో సీటొచ్చిన రోజున కూడా నేను చూడలేదు. రోడ్డు పక్కన రాయెక్కి, పాదయాత్ర భక్తులతో సహా అందరికీ వివరించారు. అరగంటలో గేర్‌బాక్సు చల్లబడింది. చిన్నబావ ఇంకా చల్లబడలేదు.

మా అక్క బ్యాంకులో పనిచేస్తుంది. ఎక్కువ మాట్లాడదు, సంతకం పెడుతుంది. పోయిన దసరాకి అలాగే సంతకం పెట్టి ఎలక్ట్రిక్ కారు తెచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు పెడుతూ బావగారు షోరూము కుర్రాణ్ణి అడిగారు.

"గేర్లెన్ని బాబూ?"

"మార్చుకునే గేర్లేమీ ఉండవు సార్. క్లచ్చు కూడా ఉండదు."

బావగారు నిమ్మకాయ పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆదివారం షోరూముకి వెళ్ళలేదు. "ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందిరా తమ్ముడూ" అంది అక్క ఫోన్లో. నాకు మాత్రం ఎందుకో బాధేసింది.

నాలుగోరోజు రాత్రి పదకొండింటికి ఫోన్. "ఒరేయ్! నువ్వన్నది నిజమేరా! పోర్షే టైకాన్ ఎలక్ట్రిక్కే అయినా వెనక ఇరుసు మీద రెండు గేర్లున్నాయిరా! రెండు!" వెనకాల అక్క లైటార్పమంటోంది.

ఆ సంగతి ఆయన చెవిన వేసింది నేనని మా అక్కకి మాత్రం చెప్పకండి.