ముగ్గురు టీనేజర్ల ఇంట్లో అమ్మ పదవి కాపాడుకోవడం ఎలా?

కావలిలో ఎమ్మెల్యేలు మారతారు, కౌన్సిలర్లు మారతారు. ఐదేళ్లకోసారి జనం ముందుకెళ్లి చేతులు జోడించనవసరం లేని పదవి ఒక్కటే: అమ్మ. అయినా ధీమా పనికిరాదు. పిల్లలు మీసాలొచ్చే వయసుకు చేరగానే తమ పని తాము చేసుకునే ప్రమాదం పొంచి ఉంటుంది. అది జరిగితే మీ పదవికే ఎసరు. కాబట్టి ఉద్యోగం చేసే తల్లులు ఈ కింది జాగ్రత్తలు తప్పక తీసుకోవాలి.

నమూనాగా ట్రంకు రోడ్డుకు దగ్గర్లో ఉన్న మా ఇంటినే చూడండి. పెద్దది ఇంటర్ సెకండియర్, నడిపోడు ఫస్టియర్, చిన్నోడు తొమ్మిదో తరగతి. బాత్రూమ్ ఒకటి. నేను పక్క మండలంలో టీచర్ని. ఇంటాయనకు పేపర్ చదవడం బాగా వచ్చు.

1. అలారం బాధ్యత ఎవరికీ అప్పగించకండి

టీనేజిలో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రిపూట ఆలస్యంగా ఊరుతుందనీ, 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలనీ నిద్ర మీద పనిచేసే డాక్టర్లు చెబుతారు. ఈ సంగతి పిల్లల చెవిన పడనివ్వకండి. జూనియర్ కాలేజీల చెవిన ఎటూ పడదు. మీరు మాత్రం ఐదింటికి లేచి, ఒక్కొక్కర్ని విడివిడిగా, విడతలవారీగా లేపండి. పెద్దదాన్ని లేపి నడిపోడి దగ్గరికొచ్చేలోపు పెద్దది మళ్లీ పడుకోవాలి. అలా పడుకుంటేనే మీ అవసరం ఉన్నట్టు.

బాత్రూమ్ వంతుల పట్టిక గోడకు అంటించే ఆలోచన మానుకోండి. తగవు తీర్చే పెద్దమనిషి లేకపోతే ఆ ముగ్గురూ రాజీ పడిపోతారు.

2. ఏ వస్తువు ఎక్కడుందో చెప్పకండి, తెచ్చి ఇవ్వండి

"అమా, నా తెల్ల సాక్సులు యాడుండాయి?" అని కేక వస్తుంది. అవి వాడి కాళ్ల దగ్గరే ఉంటాయి. అయినా గరిటె వదిలేసి వెళ్లి చేతికివ్వండి. "చూడు నాయనా, కిందే ఉండాయి" అన్నారో, రేపటికి వాడే వెతుక్కుంటాడు.

ఆధార్ కార్డుల విషయంలో మరీ జాగ్రత్త. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు, కార్డు చూపిస్తే చాలు. అంటే అమ్మాయికి రోజూ ఆధార్ కావాలి, మీకూ కావాలి. ఇంటిల్లిపాది కార్డులూ ఒకే పాలిథిన్ కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, బీరువా పైకి తోసెయ్యండి. బస్సు ఉదయగిరి బ్రిడ్జి దగ్గరికి వచ్చే వేళకు స్టూలెక్కి దించండి. స్టూలెక్కడం ఇంకెవరికీ నేర్పొద్దు.

3. ప్రతి ఓటీపీ మీ ఫోనుకే రావాలి

ఎంట్రన్సు అప్లికేషను, అపార్ ఐడీ, ఆధార్‌లో అడ్రసు మార్పు, అన్నిటికీ మీ నంబరే ఇవ్వండి. మీరు ఐదో తరగతికి భిన్నాలు చెబుతుండగా ఫోను మోగుతుంది. "అమా, బిరిన చెప్పు, రెండు నిమిషాలే టైముండాది." బోర్డు మీద మూడింట రెండు అని రాసిన చేత్తోనే ఆరంకెలు చదివి చెప్పండి. పదిహేడేళ్ల పిల్ల చేతిలో సొంత ఫోను ఉందన్న సంగతి ఈ సందర్భంలో గుర్తు రాకూడదు.

టీచర్లకు ఇంకో సుఖం ఉంది. 2022 ఆగస్టు నుంచి మా హాజరు మొహం చూసి వేసే యాప్‌లో పడుతోంది. ఇంట్లో ముగ్గురూ తలెత్తి చూడని మొహాన్ని బడిలో ఫోను గుర్తుపడుతుంది. ఆ గౌరవాన్ని తక్కువ చేసి చూడకండి.

4. వయసులు దగ్గరైతే ఖర్చు కలిసొస్తుందని నమ్మండి

ఒకరి వెనక ఒకరు పుడితే ఒకరి పుస్తకాలు ఇంకొకరికి పనికొస్తాయని మా అత్తగారు అనేవారు. అందుకే పెద్దదాని ఫస్టియర్ పుస్తకాలకు అట్టలేసి అటక మీద దాచాను. నడిపోడు ఫస్టియర్‌లో చేరిన 2025–26లోనే ఇంటర్ బోర్డు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తెచ్చింది. అటక మీదివి ఇంకా నిగనిగలాడుతూనే ఉన్నాయి.

చొక్కాల సంగతి వేరే. అవి ఇద్దరు మగపిల్లలకూ సరిపోతాయి, అదే గొడవ. ఎవరిదెవరిదో కాలరు లోపల దారంతో గుర్తు కుట్టండి. పగలు వీలుకాదు గనక రాత్రి పదకొండు తర్వాత కుట్టండి.

5. మగపిల్లల్ని వంటింటి గడప దాటనివ్వకండి

ఇది దేశానికి సంబంధించిన విషయం. జాతీయ గణాంకాల కార్యాలయం 2024 సర్వే ప్రకారం జీతం రాని ఇంటి పనుల మీద, ఆ పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. ఇంత తేడా దానంతటదే రాదు. ఏ తల్లికాతల్లి "నువ్వు పో నాయనా, చదువుకో పో" అని కొడుకు చేతిలో గిన్నె లాక్కుంటేనే వస్తుంది. ఈ యజ్ఞంలో మీ వంతు సమిధ వెయ్యండి. అమ్మాయిని మాత్రం పరీక్షల ముందు రోజైనా సరే, కూరగాయలు తరగడానికి పిలవండి.

ఆదివారం మామిడికాయ ముక్కలేసి చేపల పులుసు పెడితే అది సోమవారానికి రుచెక్కుతుందని నెల్లూరు జిల్లాలో అందరికీ తెలుసు. రాత్రి పన్నెండింటికి ఫ్రిజ్ తెరిచే టీనేజర్లకూ తెలుసు. డబ్బా మీద "కాకరకాయ" అని చీటీ అంటించండి. చిన్నోడు చీటీలు చదవడం మొదలెడితే "మెంతికూర" అని మార్చండి.

6. ఊరు వదలకండి

పై జాగ్రత్తలన్నీ ఒక్క ఎలక్షన్ డ్యూటీతో గంగపాలు కావచ్చు. 2024 మే 12న సామగ్రి తీసుకోవడానికి పోయి, 13న పోలింగు జరిపి, అసెంబ్లీ యంత్రాలూ పార్లమెంటు యంత్రాలూ అప్పజెప్పి ఇల్లు చేరేసరికి 14 తెల్లవారింది. ఇల్లు తగలబడి ఉంటుందని ఆశపడ్డాను. కుక్కర్లో అన్నం ఉంది, కొంచెం ముద్దయింది. నడిపోడు గుడ్డు పొరటు చేశాడట. చిన్నోడు నీళ్లు కారిపోకముందే మోటారు ఆపాడు. పెద్దది అంట్లు తోమించింది, తోమలేదు.

ఇలాంటప్పుడు తడబడకండి. "పొరటులో ఉప్పెక్కువైంది" అనండి, కాకపోయినా సరే. తోమిన గిన్నెలు మళ్లీ తోమండి, వాళ్లు చూస్తుండగా. సాయంత్రానికి ముగ్గురూ మంచాలెక్కి "అమా, ఆకలి" అంటారు. పదవి మీదే.

హెచ్చరిక

ఈ సూచనలు పాటించకుండా, ఉప్పు సరిపోయిందని నిజం చెప్పేసిన తల్లులకు ఆదివారం సాయంత్రం చేతిలో ఏ పనీ లేకుండా పోయే అవకాశం ఉంది. అలాంటివాళ్లు కంగారు పడకుండా తుమ్మలపెంట బీచికి పోయి కూర్చోవచ్చు. బస్సులో టికెట్ డబ్బుల్లేవు, ఆధార్ ఉంటే చాలు. కవరు ఎక్కడుందో గుర్తు రాకపోతే పిల్లల్ని అడగండి. వాళ్లు ఈపాటికి స్టూలెక్కడం నేర్చుకుని ఉంటారు.