పిల్లి కంటికి సొంత వైద్యం: తిరుగులేని చిట్కాలు

సూరత్‌లోని గోడాదరా సాంచాల (మరమగ్గాల) గల్లీల్లో పిల్లికి చేతినిండా పని. దారం డబ్బాల సందుల్లో ఎలుకలు తిరక్కుండా చూడాలి. 1994 ప్లేగు రోజుల్లో జనం సూరత్ వదిలి రైళ్లమీద వేలాడుతూ పోయిన ముచ్చట తెలిసిన ఇళ్లలో ఎలుకంటే ఇప్పటికీ హడలే. సిరిసిల్ల, నల్లగొండ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మన పద్మశాలీ ఇళ్లలో ఆ పిల్లికి కన్ను వాచిందనుకోండి. ఏం చేయాలో తెలియక కంగారు పడకండి. తెలుసుకోకుండానే చేసేయొచ్చు.

పిల్లి ఒక్క కన్నే మూసుకుని, నీరు కారుస్తూ కూర్చుంటే కునుకు తీస్తోందనుకోండి. రెండో కన్ను బార్లా తెరిచి ఉందన్న సంగతి పట్టించుకోవద్దు. ఒంటికన్ను మూసుకోవడం నొప్పికి గుర్తని పశువుల డాక్టర్లు అంటారు గానీ, వాళ్లకేం, అలాగే అంటారు.

తర్వాత ఫ్రిజ్ తలుపు తీయండి. నాయనమ్మకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు మిగిలిన చుక్కల సీసా గుడ్ల అర వెనకాల ఉంటుంది. సీసా తెరిచిన నెలకు పారేయమంటారు. మనింట్లో ఏదీ పారేయం కదా! ఆ చుక్కల్లో సాధారణంగా డెక్సామెథసోనో ప్రెడ్నిసొలోనో, అంటే స్టెరాయిడ్ ఉంటుంది. వేయగానే ఎరుపు తగ్గి, మీ వైద్యం పేరు గల్లీ అంతా పాకుతుంది. మొన్న రాత్రి గోడమీద జరిగిన కొట్లాటలో అవతలి పిల్లి గోరు నల్లగుడ్డు మీద గీసి ఉంటే మాత్రం ఆ గీత మానదు. పుండై లోతుకు దిగి, చిల్లు పడినా పడొచ్చు. చాలా పిల్లుల ఒంట్లో హెర్పిస్ వైరస్ నిద్రపోతూ ఉంటుంది, స్టెరాయిడ్ దాన్నీ తట్టి లేపగలదు. గీత ఉందో లేదో తేల్చడానికి డాక్టరు ఫ్లోరెసీన్ రంగు తాకిస్తారు, పుండున్న చోట పచ్చగా మెరుస్తుంది. నిమిషం పని. ఆ నిమిషం మిగుల్చుకోండి.

మెడికల్ షాపులో "భయ్యా, కన్ను ఎర్రగుంది" అనండి చాలు. ఎవరి కన్నో చెప్పొద్దు. పాలీమిక్సిన్ కలిసిన ఆయింట్‌మెంట్ మనుషులకు మామూలే. పిల్లుల్లో మాత్రం అరుదుగానైనా ప్రాణం తీసే ఎలర్జీ వచ్చిన సందర్భాలున్నాయి. పక్కింటి కుక్కకు తెచ్చిన ఎన్రోఫ్లాక్సాసిన్ మాత్ర మిగిలి ఉంటే ఇంకా సులువు, బరువు తూచకుండా మింగించండి. పిల్లికి రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటితే రెటీనా దెబ్బతిని చూపే పోవచ్చు. కంటి వైద్యం చేస్తూ కన్ను పోగొట్టడమంటే మాటలా!

చనుబాలు, తేనె, నందివర్ధనం పూల రసం గురించి మీ వదినె ఎలాగూ చెబుతుంది.

మందు వేయడానికి పిల్లికి ఎదురుగా కూర్చుని, సీసా మూతిని కంటికి ఆనించి పిండండి. తువ్వాలు చుట్టి, వెనక నుంచి పట్టుకుని, గడ్డం పైకెత్తి ఒక్క చుక్క వేస్తే గోళ్ల గీతలు పడవు, గీతల్లేకపోతే మీరు వైద్యం చేశారంటే జనం నమ్మరు. రెండు మందులుంటే రెండూ ఒకేసారి పోయండి. ఐదు నిమిషాలు ఆగితే మొదటిది కొట్టుకుపోకుండా పనిచేస్తుందట, అంత ఓపిక ఎవరికుంది? డాక్టరు రాసిచ్చిన అట్రోపిన్ వేశాక పిల్లి నురగ కక్కితే విషమని అరిచి సీసా విసిరేయండి. కన్నీటి దారి ముక్కు, గొంతు వైపు పోతుంది. ఆ చేదు నోటికి తగిలితే నురగ రావడం మామూలే. కన్ను గోక్కోకుండా మెడకు కట్టిన గరాటా చూసి పిల్లలు నవ్వుతుంటే విప్పేయండి, గోకుడు మిగతా పని పూర్తి చేస్తుంది.

ఇవేవీ చేయలేని మెతకవాళ్లకు ఒక్క మాట. కన్ను మూసుకున్న రోజే పశువుల డాక్టరుకు చూపించండి. అప్పటికే ఏవైనా వేసి ఉంటే ఆ సీసాలన్నీ సంచిలో పెట్టుకుని వెళ్లండి, సిగ్గుపడి దాచకండి.